పొయ్యిలో కాళ్ళు పెట్టిన మోహిని, మా ఇంటి తాటాకు పెట్టె

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికతో చదవండి. నేను తమిళ మీడియంలో చదువుకున్నవాణ్ణి. తెలుగు ఇంట్లో మాట్లాడినాను గానీ అక్షరాలు ఉద్యోగంలో చేరినాక నేర్చుకున్నాను. తప్పులుంటే ఎప్పటిలాగే దిద్దండి.

పోయిన వారం నా కూతురి కూతురు సెలవులకు వచ్చింది. తొమ్మిదో తరగతి. రాత్రి భోజనాలయినాక ఫోనులో ఒక ఇంగ్లీషు సినిమా పెట్టి, "తాతా, నువ్వూ చూడు" అనింది. 1973లో అమెరికాలో టీవీ కోసం తక్కువ ఖర్చుతో తీసిన 'డోంట్ బి అఫ్రెయిడ్ ఆఫ్ ది డార్క్'. గంటా పావు సినిమా. అవ్వగారి పాత ఇల్లు మనవరాలికి వస్తుంది. మొగుడూ పెళ్ళామూ ఆ ఇంట్లో కాపురానికి దిగుతారు. ఒక గదిలో చలి కాచుకునే పొయ్యిని ఇటుకలతో మూసేసి ఉంటారు. దాన్ని తెరవొద్దని పనివాడు ముసలాయన చెప్తాడు. ఆమె తెరుస్తుంది. లోపలినుంచి జానెడు మనుషులలాంటివి వచ్చి ఆమెను పేరు పెట్టి గుసగుసగా పిలుస్తాయి. మొగుడు నమ్మడు. కడకు ఆమెను ఆ పొయ్యిలోకే ఈడ్చుకుపోతాయి.

"ఇవేమిటి, దెయ్యాలా?" అని అడిగినాను.

"కాదు తాతా, ఫెయిరీలు. 2011లో ఇదే కథ మళ్ళీ తీసినారు. అందులో పిల్లల పళ్ళు తీసుకుపోయే ఫెయిరీలని చెప్తారు."

ఫెయిరీ అంటే రెక్కలున్న దేవకన్య, మంచిది, అని బడిలో మా ఇంగ్లీషు అయ్యవారు చెప్పింది నాకు గుర్తు. చదివి చూస్తే సంగతి వేరే. ఐర్లండు పల్లెల్లో వాటి పేరు చెప్పడానికే జనం భయపడేవారట. ఇంట్లో మనిషిని ఎత్తుకుపోయి, ఆ రూపంలోనే తమ మనిషిని పెట్టిపోతాయని నమ్మకం. 1895లో టిప్పరరీ జిల్లాలో బ్రిజెట్ క్లియరీ అనే ఆమె జబ్బు పడింది. బట్టలు కుట్టి సంపాదించే మనిషి. ఇది నా పెళ్ళాం కాదు, ఫెయిరీలు మార్చి పెట్టినది అని చెప్పి మొగుడే ఆమెను ఇంట్లో పొయ్యి దగ్గర కాల్చి చంపినాడు. కోర్టు వాడిని జైలుకు పంపింది. ఇది సినిమా కాదు, జరిగినది.

నా మనవరాలు అడిగింది, "మన దగ్గర ఇట్లాంటివి లేవా తాతా?"

ఉన్నాయి. మనదీ పొయ్యి కాడి కథే. అది చెప్పాలనే ఈ వ్యాసం.

నేను 1981లో దక్షిణ రైల్వేలో గుమాస్తాగా చేరి 2018లో రిటైరయినాను. ఎక్కువ కాలం పార్సెల్ ఆఫీసులోనే. విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి లైను. మన పెద్దలు వచ్చి స్థిరపడిన నల్లరేగడి సీమ. ఈ కాలం పిల్లలకు తెలియదు, ఆ రోజుల్లో సినిమా రైల్లో వచ్చేది. ఇనుప పెట్టెలో గుండ్రటి డబ్బాలు, డబ్బాకొక రీలు. వెయ్యి అడుగుల రీలయితే పదకొండు నిమిషాల ఆట. పెట్టె బ్రేక్ వ్యానులో వస్తే మేము దింపి, వే బిల్లు సరిచూసి, టాకీసు మనిషి చేత సంతకం పెట్టించుకొని ఇచ్చేవాళ్ళం. గడువులోగా తీసుకుపోకుంటే వార్ఫేజి కట్టాలి. కానీ సినిమా పెట్టెకు ఎవరూ వార్ఫేజి కట్టింది నేను చూడలేదు. బండి రాకముందే సైకిలేసుకొని వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడేవారు.

పెట్టె మీద సినిమా పేరు రాసుంటుంది. పెద్ద హీరో కొత్త సినిమా మా చిన్న ఊళ్ళకు ఆరు నెలలకు, ఏడాదికి గానీ రాదు. వచ్చినది ఒకసారి ఆడి పోతుంది. కానీ కొన్ని పెట్టెలు మళ్ళీ మళ్ళీ వచ్చేవి. డబ్బాలు సొట్టలు పోయి, పేరు చెరిగిపోయి ఉంటాయి. టాకీసు మనిషిని అడిగితే, "సార్, వసూలు తగ్గిందంటే ఇదే వేస్తాము. ఆడవాళ్ళు బండ్లు కట్టుకొని వస్తారు" అనేవాడు. ఆ పెట్టెల్లో ఎక్కువసార్లు నా చేతిమీదుగా పోయిన పేరు 'జగన్మోహిని'.

దాన్ని తీసిన బి. విఠలాచార్య తెలుగువాడు కాదు. 1920లో ఉడుపి దగ్గర ఉద్యావరలో పుట్టినాడు. భూతాలకు కోలాలు కట్టి కొలిచే తుళునాడు సీమ అది. చిన్నతనంలోనే ఇల్లు వదిలి అరసికెరెలో హోటలు నడిపినాడు. క్విట్ ఇండియాలో జైలుకు పోయినాడు. తరువాత టూరింగ్ టాకీసు నడిపినాడు. అంటే సినిమా తీయకముందే, ఏ బొమ్మకు ఏ పల్లె జనం వస్తారో టిక్కెట్టు కాడ కూర్చొని నేర్చుకున్న మనిషి. డి. శంకర్ సింగ్ మొదలైనవారితో కలిసి మైసూరులో మహాత్మా పిక్చర్స్ నడిపినాడు. 1951లో ఆ కంపెనీ కన్నడంలో తీసిన ఒక సినిమా పేరు కూడా 'జగన్మోహిని'యే. తరువాత సొంతంగా విఠల్ ప్రొడక్షన్స్ పెట్టుకొని, 1955లో తెలుగులో 'కన్యాదానం' తీసి, మద్రాసులో నిలదొక్కుకున్నాడు. ఒక కన్నడ సీమవాడు తమిళ ఊళ్ళో కూర్చొని తెలుగు జానపద సినిమాకు పెద్ద దిక్కయినాడు. మూడు భాషల మధ్య బతికే మనకు ఇది వింతగా తోచదు.

రామారావుతో 'బందిపోటు' (1963), 'అగ్గిపిడుగు' (1964) తీసినాడు. కాంతారావుతో లెక్కలేనన్ని కత్తియుద్ధాలు చేయించినాడు. 1970లలో పెద్ద హీరోల కాల్షీట్లు, జీతాలు ఎక్కడికో పోయినాయి. అప్పుడు ఆయన చేసినది చూడండి. 1978లో చిన్న నటుడు నరసింహరాజును హీరోగా పెట్టి, జయమాలిని మోహినిగా, ప్రభ ఇంటి ఇల్లాలుగా 'జగన్మోహిని' తీసినాడు. సినిమాకు హీరో మోహినే. జనం వచ్చింది ఆమె కోసమే.

ఆయన పొదుపు గురించి సినిమావాళ్ళు నవ్వుకుంటూ చెప్పుకునే మాట ఒకటుంది. హీరో షూటింగుకు సరిగా రాకుంటే కథలో శాపం పెట్టించి చిలుకగానో మేకగానో మార్చేసి, ఆ చిలుకతోనే మిగతా సీన్లు తీసేసేవాడట. నిజమెంతో గానీ, ఆ పొదుపుకు దెయ్యం కథ అతికినట్టు సరిపోయింది. రాజుల కథకు కోట కావాలి, గుర్రాలు కావాలి, సైన్యం కావాలి. దెయ్యానికి ఒక ఇల్లు చాలు. రాత్రి గనక వెనక సెట్టు లేకున్నా తెలియదు. కొంచెం పొగ, ఒక పెద్ద ఫ్యాను, తెల్ల చీర, విరబోసిన జుట్టు.

మాయలు కూడా కెమెరాలోనే చేసేవారు. కెమెరాను కదలకుండా బిగించి, అందరినీ ఎక్కడివాళ్ళను అక్కడే నిలబడమని, కెమెరా ఆపి, ఒక మనిషిని పక్కకు పంపి, మళ్ళీ తిప్పితే ఆ మనిషి మాయమైనట్టే. లెన్సులో సగం మూసి ఒకసారి తీసి, ఫిలిమును వెనక్కు చుట్టి, రెండో సగం తెరిచి మళ్ళీ తీస్తే ఒకే మనిషి ఇద్దరుగా కనబడుతుంది. ఫిలిమును తలకిందులు దిక్కున నడిపితే పడిన కుండ లేచి చేతిలోకి వస్తుంది. లెక్క తప్పితే ఫిలిము పాడు, డబ్బు పాడు. అందుకని ముందే కాగితం మీద లెక్క వేసుకోవాలి. చేతిలో కంప్యూటరు లేని కాలం. మా పార్సెల్ లెక్కల మాదిరే అదీ చేతి లెక్క.

నేను ఆ సినిమా మొదట చూసింది ఉద్యోగానికి ముందు, ఇరవై ఏళ్ళ వయసులో, మా ఊరి పక్క టెంటు కొట్టాయిలో. పగలు వెలుతురు పడుతుంది గనక సాయంత్రం ఆట, రాత్రి ఆట, అంతే. ఒకటే ప్రొజెక్టరు. రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగించేవారు. మేము చిన్నాయనా, ఆయన పిల్లలూ, నేనూ ఇసుకలో కూర్చున్నాము. మాకు వచ్చింది తమిళ డబ్బింగు. తెలుగు సినిమాను తమిళంలో చూసి, ఇంటికొచ్చి తెలుగులో చెప్పుకున్నాము.

అందరికీ గుర్తున్న సీను ఒకటే. ఇంట్లోకి మనిషి రూపంలో చేరిన దెయ్యం వంటింట్లో కూర్చొని కట్టెలకు బదులు తన రెండు కాళ్ళూ పొయ్యిలో పెడుతుంది. కాళ్ళు మండుతుంటాయి, ఆమె తాపీగా వంట చేస్తుంటుంది. కొట్టాయిలో ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. తరువాత నవ్వినారు. మళ్ళీ కెవ్వుమన్నారు. శ్మశానంలో దెయ్యాన్ని చూస్తే వాళ్ళకు అంత భయం కలగలేదు. తాము రోజూ కూర్చునే చోట చూసినారు గనక అంత భయం. అమెరికా సినిమాలో కూడా ఆ జానెడు మనుషులు పొయ్యిలోంచే రావడం చూసి మొన్న రాత్రి నాకు అదే తట్టింది. ఇంటికి గుండెకాయ పొయ్యి. ఇంటిమీద భయం పెట్టుకోవాలంటే అక్కడే పెట్టుకుంటారు, ఏ దేశంలోనయినా.

ఆ రాత్రి ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చొని కథ చెప్పుకుంటున్నాము. గడిచిన జన్మలో మోసపోయి చచ్చిన ఆడది మోహిని అయ్యి పగ తీర్చుకోవడానికి ఇంట్లో చేరుతుంది, ఇదీ కథ. చిన్నాయన నవ్వుతూ, "మన పాత బావిలోనూ ఒక మోహిని ఉండాది లేరా, మీకు తెలీదు" అన్నాడు.

లోపల పడుకోనున్న మా అవ్వ లేచి బయటికి వచ్చింది. ఆమె గట్టిగా మాట్లాడింది నేను అంతవరకు వినలేదు.

"అది మోహిని కాదురా. నా ఆడబిడ్డ."

చిన్నాయన తల దించుకున్నాడు. అవ్వ అక్కడే గడపలో కూర్చొని చెప్పింది. ఆమె మా తాత చెల్లెలు. పదమూడో ఏట దూరపు ఊరికి ఇచ్చినారు. రెండేళ్ళకు ఒంటరిగా నడిచి పుట్టింటికి వచ్చింది, వీపున వాతలతో. పెద్దలు బుద్ధి చెప్పి వెనక్కు పంపినారు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పంపినారు. మూడోసారి వచ్చినప్పుడు, తెల్లవారితే బండి కట్టి తీసుకుపోవాలని మాట్లాడుకున్న రాత్రి, బావిలో పడింది. పదహారేళ్ళు. స్వరాజ్యానికి పదేళ్ళ ముందు మాట ఇది. మరునాడు ఊరంతా ఒకటే మాట, మోహిని పట్టి ఈడ్చుకుపోయిందని. కొన్నాళ్ళకు ఆమే మోహిని అయిందన్నారు. "మోహిని అంటే ఎవురూ జవాబు చెప్పే పని లేదు గదరా" అని అవ్వ అనింది. నలభై ఏళ్ళకు పైగా అయింది, ఆ మాట మరిచిపోలేదు.

మా ఇంట్లో దూలానికి ఒక తాటాకు పెట్టె వేలాడుతుండేది. మీలో చాలామంది ఇండ్లలోనూ ఉంటుంది. పొంగలి మరునాడు దాన్ని దింపి, పాత చీర తీసి, కొత్త చీర, గాజులు, పసుపు కుంకుమ పెట్టి, పేరంటాలమ్మ అని మొక్కి, పాత చీరను ఇంటి ఆడపిల్లకు కట్టుకోవడానికి ఇస్తారు. చిన్నప్పటినుంచీ దానికి నేను మొక్కినాను. ఆ పెట్టెలో ఉన్న పేరంటాలమ్మా, బావిలో ఉందని భయపెట్టిన మోహినీ ఒకతే అని ఆ రాత్రే నాకు తెలిసింది. అదే పిల్ల. ఊరు దెయ్యమనింది, ఇల్లు దేవత అనింది. మా ఆడబిడ్డ అనిందల్లా అవ్వ ఒకతే.

అప్పటినుంచి ఈ సినిమాలను నేను వేరే కంటితో చూస్తాను. 1964లో మలయాళంలో ఎ. విన్సెంట్ తీసిన 'భార్గవీ నిలయం' ఉంది, వైకం మహమ్మద్ బషీర్ రాసినది. దెయ్యమున్నదని పేరుపడిన ఇంట్లోకి ఒక రచయిత అద్దెకు దిగుతాడు. అందరూ చెప్పే దెయ్యం భార్గవికి భయపడకుండా ఆమెతో మాట్లాడుతూ ఆమె కథ రాయడం మొదలుపెడతాడు. రాస్తూ పోతే ఆమె చేసుకున్నది ఆత్మహత్య కాదు, హత్య అని బయటపడుతుంది. పరిహారం చేసేవాళ్ళను పిలిచి తరిమించలేదు. కథ తెలుసుకున్నారు, అంతే.

ఇంకొక సంగతి మన సంఘంవాళ్ళు గమనించినారో లేదో. 1993లో మలయాళంలో 'మణిచిత్రత్తాళ్' వచ్చింది. అందులో పాత ఇంట్లో బంధించిన నాగవల్లి తంజావూరునుంచి తెచ్చిన నాట్యకత్తె, ఆమె మాట్లాడేది తమిళం. అదే కథ 2005లో తమిళంలో 'చంద్రముఖి' అయింది. ఇక్కడ ఆమె ఆంధ్రలోని విజయనగరంనుంచి తెచ్చిన నాట్యకత్తె. ఆమె మాట్లాడేదీ పాడేదీ తెలుగు. 2004 కన్నడ 'ఆప్తమిత్ర'లోనూ ఆ పాట తెలుగే. ఇవి పెద్ద ఖర్చు సినిమాలే గానీ కథ మన చిన్న సినిమాలదే. మలయాళ ఇంట్లో దెయ్యం తమిళం మాట్లాడుతుంది. తమిళ ఇంట్లో దెయ్యం తెలుగు మాట్లాడుతుంది. అంటే ఇంటిని పట్టిన దెయ్యం ఎప్పుడూ పక్క సీమనుంచి తెచ్చిన ఆడదే. ఇంట్లోకి వచ్చింది, ఇంటి మనిషి కాలేదు.

నా మనవరాలు ఫోనులో మాతో తెలుగులో మాట్లాడితే బడిలో స్నేహితురాళ్ళు "చంద్రముఖి" అని ఎగతాళి చేస్తారట. ఆమె నవ్వుతూనే చెప్పింది. నేనూ నవ్వినాను. తరువాత ఆలోచించినాను. వందల ఏళ్ళు ఈ నేలమీద ఉన్న మన మాట వాళ్ళకు దెయ్యం మాటగా వినబడితే మనకు నొస్తుంది. మరి మన ఇంటికి వచ్చిన, మన ఇంటినుంచి పోయిన ఆడపిల్లకు మనమే ఆ పేరు పెడితే?

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. 2009లో మన సంఘం వంశావళి పుస్తకం వేసినప్పుడు మా వైపు కుటుంబాల వివరాలు సేకరించి రాసింది నేనే. మా తాత తరం కాడ నేను రాసినది: "అన్నదమ్ములు ముగ్గురు." ఆడపిల్లలు వేరే ఇంటికి పోయేవాళ్ళు గనక రాయనక్కర లేదని అప్పుడు అందరం ఒప్పుకున్నాము. ఆమె మొగుడి ఇంటి పుస్తకంలోనూ ఉండదు. వాళ్ళు పదిహేను రోజులలో మరో పెళ్ళి చేసుకున్నారు. అవ్వ చెప్పింది విన్నవాణ్ణి, ఏటేటా ఆ పెట్టెకు మొక్కేవాణ్ణి, రైల్వేలో ఒక్క పార్సెల్ వే బిల్లులో ఎక్కకపోయినా నిద్రపోని గుమాస్తాను, ఆ పేరు ఎక్కించలేదు. నిజం చెప్పాలంటే నాకు ఆమె పేరే తెలియదు. అవ్వ కూడా ఆడబిడ్డ అనింది గానీ పేరు అనలేదు. నేను అడగలేదు.

మొన్న సినిమా అయిపోయినాక మనవరాలికి ఇదంతా చెప్పినాను. అంతా విని అడిగిన మొదటి ప్రశ్న, "ఆమె పేరేంది తాతా?" నా దగ్గర జవాబు లేదు. మరునాడు పొద్దున మా మేనత్తకు ఫోను చేసినాను. ఎనభై నాలుగేళ్ళు. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పింది. మూడు అక్షరాల పేరు. నా మనవరాలు కాగితం మీద తమిళంలో రాసుకుంది, నేను పక్కన తెలుగులో రాసినాను. ఇక్కడ మాత్రం రాయను. ముందు పుస్తకంలోకి ఎక్కాలి, దానికి మా ఇంటి ఆడవాళ్ళందరి ఒప్పుదల తీసుకుంటున్నాను.

పుస్తకం రెండో కూర్పు పని కమిటీ మొదలుపెట్టింది. నా మనవి ఒకటే. ప్రతి కుటుంబమూ ఆడపిల్లల పేర్లూ, కోడండ్ల పేర్లూ వాళ్ళ పుట్టినూళ్ళతో సహా ఇవ్వండి. మీ ఇంట్లో తాటాకు పెట్టె ఉంటే అందులో ఉన్నది ఎవరో మీ ఇంటి పెద్ద ఆడవాళ్ళను అడగండి. వాళ్ళు పోయినాక అడిగేదానికి మనిషి ఉండదు.

ఇంటి గుట్టు బయటపెట్టడం ఎందుకని కొందరు పెద్దలు అంటారు. వాళ్ళ మీద నాకు గౌరవముంది. ఎట్లా పోయిందో రాయమని నేను అనడం లేదు. ఎవరినీ నిలదీయమని అనడం లేదు, నిలదీయడానికి వాళ్ళూ లేరు. పేరు, ఎవరి బిడ్డ, అంతే. ఒక వరుస పడుతుంది. మోహిని అనేది పేరు కాదు. పేరు తెలిసిన మనిషిని చూసి ఎవరూ అంతగా భయపడరు.

విఠలాచార్య 1999లో పోయినాడు. ఆయన సినిమాలు తీసినది మనలను భయపెట్టి, నవ్వించి, నాలుగు డబ్బులు చేసుకోవడానికి. అందులో తప్పేమీ లేదు. 'నవ మోహిని', 'మోహిని శపథం' కూడా తీసినాడు, అవీ పెట్టెల్లో వచ్చినాయి, పోయినాయి. ఇప్పుడు పార్సెల్ ఆఫీసులో సినిమా పెట్టె లేదు, కొట్టాయి ఉన్న చోట కల్యాణ మండపం ఉంది. పాత బావి కూడా పూడ్చేసినారు. ఇంట్లో తాటాకు పెట్టె మాత్రం ఉంది. వచ్చే పొంగలికి చీర మార్చేటప్పుడు మా మనవరాలు ఆ పేరు పలికి మొక్కుతానంది.

మీ ఇండ్ల పేర్లు నాకు గానీ కమిటీకి గానీ పంపండి. తెలుగులో రాయడం రాకుంటే తమిళంలోనో కన్నడంలోనో రాయండి, నేను మార్చి రాసుకుంటాను.